ఆడ వారికి ముందు ముద్ద

వాన పడితే మా ఇంట్లో టీవీ మాట ముక్కలవుతుంది. బొమ్మ నిలిచిపోతుంది. గొంతు మాత్రం గరగరమంటూ సగం సగం వస్తుంది. నిన్న సాయంత్రం ప్రొద్దుటూరులో వాన మొదలైనప్పుడు అలాగే అయింది. సెలవులకు వచ్చిన నా మనవరాలు హారిక పెట్టెకు దగ్గరగా జరిగి, ముక్కల్ని తనే అతుక్కుంటూ వింటోంది. అది విజయవాడలో పుట్టి పెరిగిన పిల్ల. డిగ్రీ చదువుతోంది. అది చూసే ధారావాహికలో కొందరు మనుషులు భూమిని వదిలి, ఒక ఓడలో నక్షత్రాల మధ్య తిరుగుతుంటారు. వాళ్లకొక మతం ఉంది. ఎవరో రచయిత కూర్చుని కల్పించిన మతం. అందులో దేవుడికి పేరు లేదు, గుడి లేదు. ఓడ దిగి బయటికి వెళ్లే ముందు ఒక్కొక్కరూ ఇనుప గోడకు నుదురు ఆనించి, “అవతల ఉన్నదీ మన ఇల్లే” అంటారు. అంతే. హారిక పోయిన ఏడాది పరీక్షలకు బయల్దేరేటప్పుడు తమ ఇంటి తలుపుకు నుదురు ఆనించి ఆ మాటే అనుకుందట.

“మన దేవుళ్లు చాలకపోతిరా అమ్మా దీనికి? రాకెట్లో నుంచి తెచ్చుకున్న్యాది,” అని దాని తల్లి, అంటే నా కూతురు, నవ్వింది.

“అందులో దేవుడు లేడు మమ్మీ. మాట ఒక్కటే ఉంది,” అంది హారిక.

నేను నవ్వలేదు. ముక్కలైన ఆ గొంతు వింటుంటే నాకు జమ్మలమడుగులో ఒక రేడియో, దాని పక్కన చెవి ఒగ్గి కూర్చున్న నాగరత్నమ్మ టీచరు గుర్తుకొచ్చారు. కల్పించిన మతాన్ని నమ్మినవాళ్లను చూసి నవ్వలేకపోవడం నాకు ఆమె దగ్గర అలవాటైంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన రోజులవి. జమ్మలమడుగు ఆడపిల్లల బడిలో నాకు మొదటి ఉద్యోగం. ఒంటరి ఆడపిల్లకు గది ఎవరిస్తారని మా నాన్న దిగులు పడుతుంటే, ఆ బడిలోనే పెద్ద టీచరుగా ఉన్న నాగరత్నమ్మ గారు, “నా ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉండాది. నన్ను టీచరమ్మా అనేది బళ్లో. ఇంట్లో అక్కా అంటే చాలు,” అన్నారు. ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. పొడగరి. నుదుట ఎప్పుడూ పెద్ద బొట్టు. మాట కటువు. బడిలో ఆమె దగ్గరికి పలక తీసుకుపోవాలంటే పిల్లలకు వణుకు. తప్పు అనేది ఆమె కంట పడితే దిద్దకుండా పోయేది కాదు. అందులోనూ ఒక తప్పు మీద ఆమెకు ప్రత్యేకమైన పగ. మా వైపు ‘అక్కడ’ను ‘ఆడ’ అంటాం. పిల్లలు మాట్లాడినట్టే రాస్తారు. “చెట్టు ఆడ ఉంది” అని రాసిన వాక్యాన్ని ఆమె అడ్డంగా కొట్టేసి, పక్కన ‘అక్కడ’ అని రాసేవారు.

“ఆడ అని మాట్లాడుకో, ఎవురొద్దన్నారు? రాసేటప్పుడు మాత్రం అక్కడ అని రాయల్ల. లేకుంటే బెజవాడోళ్లు ఆడది అనుకుంటారు,” అనేవారు. క్లాసంతా నవ్వేది. ఆమె నవ్వేవారు కాదు.

ఆ ఇంట్లో మగమనిషి లేడు. భర్త తాలూకాఫీసులో గుమాస్తాగా ఉండేవాడట. ఒకరోజు పొద్దున పులివెందులలో పని ఉందని బస్సెక్కాడు. తిరిగి రాలేదు. తొండూరులో చూశామని ఒకరన్నారు, సాధువుల వెంట పోయాడని ఒకరన్నారు. పోలీసులకు చెప్పారు, బంధువులు తిరిగారు. శవం దొరకలేదు, మనిషీ దొరకలేదు. పిల్లలు లేరు. ఆయన మిగిల్చి పోయింది కొత్తగా కొన్న రేడియో. దాని ఏరియల్ తీగ పెరట్లో వేపచెట్టుకు కట్టి ఉండేది. గాలి వస్తే తీగ ఊగేది, తీగ ఊగితే మాట పోయేది. ఇదంతా నాకు ఆమె ఒకేసారి చెప్పలేదు. చాలా రోజుల మీద, ఏదో పని చేసుకుంటూ, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పారు.

ఆ రేడియోలో ఒక వేసవి పొడుగునా ఆదివారం మధ్యాహ్నాలు ఒక నాటకం వచ్చింది. మనవాళ్లు కొందరు రాకెట్టులో మరో గ్రహానికి పోతారు. అక్కడి మనుషులు రాతి లోయల్లో ఉంటారు. మేము మొదటి భాగాలు వినలేదు, మధ్యలో అందుకున్నాం. పక్కింటి దస్తగిరమ్మ కూడా వచ్చేది. ఆమె రవికెలు కుట్టేది. చేతిలో బొత్తాలూ సూదీ ఉండగానే వచ్చి గడప మీద కూర్చునేది.

“రాళ్లలో ఉంటారంటాండారు. మన గండికోట దిక్కు పోలేదు గదా వాళ్లు, దోవ తప్పి?” అనేది. “ఆ గ్రహంలో గోంగూర దొరుకుతాదా టీచరమ్మా? దొరక్కుంటే నేను రాను.”

“నిన్ను పిలిచినోళ్లెవురే? విను,” అని నాగరత్నమ్మ గారు కసిరేవారు.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. నాటకంలో ఆ గ్రహం వాళ్లు మన ప్రయాణికుల్ని తమతో భోజనానికి కూర్చోబెట్టారు. తినబోయే ముందు వాళ్ల పెద్ద లేచి ఒక ప్రార్థన చెప్పాడు. నటుడు ప్రార్థన కదా అని ఒక్కొక్క మాటా లాగి లాగి పలికాడు. మధ్యలో గరగర. మాకు వినబడింది ఇది: “ఆడ... వారికి... ముందు ముద్ద.” అందరూ కలిసి “ముందు ముద్ద” అన్నారు. తర్వాత గొంతు పూర్తిగా పోయింది.

నాగరత్నమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆమె అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

“విన్న్యావా సరోజా? ఆడ అన్న్యాడు! రేడియోలో మన మాట చెప్పినాడు!”

ఆడ వారికి. అంటే, అక్కడ ఉన్నవారికి. ఇక్కడ లేనివారికి. ఆమెకు అలాగే వినబడింది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే వినబడింది. మా చెవులు ఆ మాటకు అలవాటు పడ్డ చెవులు. రేడియోలో ఎప్పుడూ కోస్తావాళ్ల మాటే వినేవాళ్లం. మా మాట నాటకంలో వస్తే నౌకరు నోట్లోనో దొంగ నోట్లోనో వచ్చేది. అలాంటిది ఒక గ్రహంలోని పెద్ద తన ప్రార్థనలో మా ‘ఆడ’ను పలికాడు. అది తప్పు విన్నామేమో అన్న అనుమానం మాకు ఏ కోశానా రాలేదు.

మరునాడు ఆమె అన్నంలో పప్పు కలిపి, మొదటి ముద్ద తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. “ఆడ వారికి ముందు ముద్ద,” అన్నారు. గొంతులో భక్తి ఏమీ లేదు. పాఠం చెప్పినట్టే అన్నారు. కాసేపటికి ఉడత వచ్చి తినిపోయింది. ఆ తర్వాత రోజూ అంతే. నేనూ పెట్టడం మొదలుపెట్టాను. చిన్నప్పుడే పోయిన మా అమ్మ ఎక్కడ ఉందని ఎవరైనా అడిగితే నా దగ్గర అంతవరకు జవాబు లేదు. ‘ఆడ ఉంది’ అనుకుంటే ఏదో సర్దుకున్నట్టు ఉండేది.

ఒకసారి ఆమెను అడిగాను: “అది నాటకం గదక్కా. ఎవరో ఉత్తగా రాసినారు.”

“తెలుసు. అన్నీ ఎవురో ఒకరు రాసినవే. గుళ్లో అర్చన చేయించల్లంటే పూజారి అడుగుతాడు, మీ ఆయన ఉండాడా లేడా అని. ఉండాడంటే ఒక మంత్రం, లేడంటే ఇంగొక మంత్రం. నాకు తెలీదంటే ఆయప్ప దగ్గర మంత్రం లేదు. ఈ గ్రహపోళ్ల దగ్గర ఉండాది. ఆడ వారు అంటే చాలు, ఉండాడా పోయినాడా అని వాళ్లు అడగరు,” అన్నారు.

ఆ ఏడు మా బడిలో ఒక పిల్ల మధ్యాహ్నం తెచ్చుకున్న సంగటి తినకుండా మూట కట్టుకుని ఇంటికి పట్టుకుపోయేది. తల్లి ఆసుపత్రిలో ఉంది. అమ్మ తినకుండా నేనెట్లా తినేది అని ఏడ్చేది. నేను బతిమాలాను, బెదిరించాను. నాగరత్నమ్మ గారు వచ్చి పక్కన చతికిలబడి కూర్చున్నారు. “ముందు ముద్ద మీ అమ్మకు పెట్టు. ఆ రాతి మీద పెట్టు. ఆడ వారికి అను. ఆ... ఇప్పుడు మీ అమ్మ తినె. ఇంగ నీ వంతు,” అన్నారు. ఆ పిల్ల తింది. ఆడ అనొద్దు, అక్కడ అనాలని ఆమె ఆ పిల్లను దిద్దలేదు. నేను టీచరుగా నేర్చుకున్నది ఏమైనా ఉంటే, శిక్షణలో చెప్పినదానికన్నా ఆ రోజు చూసిందే ఎక్కువ.

ప్రొద్దుటూరులో ఆమె అత్తగారు మంచం పట్టారు. దసరా సెలవుల్లో చూడబోతూ నన్నూ వెంట తీసుకువెళ్లారు. మరిది రామసుబ్బయ్య మంచి మనిషే. మాకు కాఫీలు పెట్టించి, గొంతు సవరించుకుని, అసలు విషయానికి వచ్చాడు.

“పన్నెండేండ్లు దాటిపాయ వదినా. శాస్త్రంలో ఉండేది అదే. దర్భలతో బొమ్మ చేసి, మనిషికి చేసినట్టు చెయ్యల్ల. అమ్మ ఉండంగానే అయిపోతే బాగుంటాది.”

“ఆయన పోయినాడని నీకెవురు చెప్పినారు?”

“బతికుండాడని నీకెవురు చెప్పినారు?”

మంచం మీద నుంచి ముసలామె చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. “నా కొడుకు ఆకలితో తిరుగుతాంటాడు తల్లీ. బతికుంటే నా మొగం జూసేకి రాడా ఇన్నేండ్లకు? నువ్వు ఊ అంటే వానికి నీళ్లన్నా దొరుకుతాయి.”

“నేను రోజూ పెడ్తానే ఉండా అత్తా.”

“ఏమని పెడ్తాండావు?”

నాగరత్నమ్మ గారు ఆ మాట చెప్పారు. ఎవరు నేర్పారని ముసలామె అడిగింది. “రేడియోలో వచ్చె,” అన్నారు.

రామసుబ్బయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. “రేడియోలో పంటకు పురుగుమందు కొట్టేది గూడా చెప్తారు వదినా. అదీ మంత్రమేనా?”

“ఆ మందు నువ్వు నమ్మి కొడ్తాండావు గదా? ఇది నేను నమ్ముతాండా.”

ముసలామె మాత్రం నవ్వలేదు. “ఇంగోసారి చెప్పు,” అంది. విన్నది. “మాట బాగుండాది. కానీ నేను వాని తల్లిని. నాకు మాటతో చాలదు,” అంది.

బస్సులో తిరిగి వస్తూ నాగరత్నమ్మ గారు ఒకే ఒక్క మాటన్నారు: “ఆయమ్మ చెప్పేదీ తప్పు కాదు సరోజా. అదే నా కష్టం.” కర్మ చేయించడమంటే, భర్త పోయాడని ఆమె తన నోటితో ఒప్పుకోవడం. చేయించకపోతే ఒక తల్లి ఆ దిగులుతోనే పోవడం. ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. మొదటి ముద్ద మాత్రం గట్టు మీదికి వెళ్తూనే ఉంది.

తర్వాత కడపలో కొత్తగా రేడియో స్టేషను వచ్చింది. మా పెట్టెలో గొంతులు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు వినబడేవి. ఆ పాత నాటకాన్ని మొదటి నుంచీ మళ్లీ వేస్తున్నారని తెలిసి దస్తగిరమ్మను నేనే పిలిచాను. మేము వినకుండా పోయిన మొదటి భాగంలో ఆ గ్రహం కథ ఉంది. అక్కడ ఒకప్పుడు పెద్ద కరువు వచ్చింది. ఆడవాళ్లు ఉన్నదంతా మగవాళ్లకూ పిల్లలకూ పెట్టి, తాము చివర తిందామనుకున్నారు. చివరికి ఏమీ మిగల్లేదు. ఒక్కొక్కరే రాలిపోయారు. మిగిలినవాళ్లు వాళ్ల కోసం ఏడ్చి, ఇక మీదట ఏ ఇంట్లోనైనా ముందు ఆడవాళ్లు తినాలని ఒట్టు పెట్టుకున్నారు. అదే వాళ్ల మతమైంది. ఆ తర్వాత పెద్ద గొంతు, ఏ గరగరా లేకుండా, పలికింది: “ఆడవారికి ముందు ముద్ద.”

దస్తగిరమ్మ పడీ పడీ నవ్వింది. “యా అల్లా! అంటే మనకేనా టీచరమ్మా! ఇన్ని దినాలూ మన బువ్వ తీసి ఉడతలకు పెడ్తిమి గదా!” అని, నాగరత్నమ్మ గారి మొహం చూసి ఠక్కున ఆగిపోయింది.

ఆమె లేచి రేడియో కట్టేశారు. నాటకం ఇంకా సగం కాలేదు.

“మన మాట అనుకుంటి,” అన్నారు. “వాళ్ల మాటే.”

“వాళ్లది ఏదైతేనేం లే అక్కా. మనం విన్న్యది మనకు ఉండాది గదా,” అన్నాను.

“తప్పని తెలిసినాక ఎట్ల ఉంచుకునేది? పిలకాయలకు దిద్దేది నేనే గదా.”

మరునాడు భోజనం దగ్గర ముద్ద కలిపారు. చేతిలో పట్టుకుని కాసేపు దాన్నే చూశారు. మళ్లీ పళ్లెంలో పెట్టేశారు. నేను నాది గట్టు మీద పెట్టాను. ఆమె వద్దనలేదు, చూడనూ లేదు. నెల తిరగకుండానే ప్రొద్దుటూరు వెళ్లి మరిదితో సరే అన్నారు.

పెన్నలో నీళ్లు లేవు. ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడారు. దర్భబొమ్మ చిన్నపిల్లవాడంత ఉంది. అది కాలడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను ఒడ్డున దూరంగా నిలబడి చూశాను. ముసలామె ఆ వేసవిలో ప్రశాంతంగానే పోయింది. ఎవరి పనీ తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ కొత్త స్టేషను మాత్రం ఇంకొన్నాళ్లు ఆలస్యంగా వచ్చి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది.

నన్ను పులివెందులకు బదిలీ చేశారు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు జమ్మలమడుగు వెళ్లేదాన్ని. బొట్టు లేని ఆ మొహానికి నేను చివరిదాకా అలవాటు పడలేదు. ఆమె అన్నం తినే తీరు కూడా మారింది. త్వరత్వరగా, పని ముగించినట్టు తినేవారు. ఒకసారి నేను అడగకుండానే అన్నారు:

“చచ్చిపోయినోళ్లకు ఏడాదికొక దినం ఉండాది సరోజా. ఆడ ఉండేవాళ్లకయితే రోజూ ఉండె. రోజూ వచ్చే మనిషిని నేను ఏడాదికొకసారికి మారిస్తి.”

“మళ్లీ పెట్టుకోగూడదా అక్కా?”

“ఏమని పెట్టేది? మాట పాయ గదా.”

ఆమె పోయిన కబురు నాకు ఆలస్యంగా చేరింది. వెళ్లేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. దస్తగిరమ్మే చెప్పింది. చివరి రోజుల్లో గంజి తాగిద్దామని కూర్చోబెడితే, నోరు తెరవకుండా కిటికీ వైపు చూస్తూ ఉండేవారట. “ముందు ఎవురికో పెట్టల్లని మతికి వస్తాండాది, ఏమనల్లనో తెలీదు పాపం,” అంది దస్తగిరమ్మ. “నేను చెప్పింటి సరోజమ్మా. ఆ మాట నేనే చెప్పింటి, చెవిలో. అప్పుడు తాగింది.” ఏ అర్థంతో చెప్పావని నేను అడగలేదు.

జమ్మలమడుగు రోజుల నుంచి ఇప్పటి దాకా నా మొదటి ముద్ద కిటికీ గట్టు మీదికే వెళ్తుంది. మా ఇంట్లోవాళ్లు కాకులకనుకుంటారు. అమ్మతో పాటు నాగరత్నమ్మ గారినీ అందులో చేర్చుకున్నాను. ఆ నాటకం రాసినాయన ఎవరో తెలియదు. ఆయన కల్పించింది ఒక మతం, మేము విన్నది ఇంకొకటి. రెండోదాని సంగతి ఆయనకు తెలిసి ఉండదు.

నిన్న రాత్రి భోజనాల వేళకు కూడా వాన తగ్గలేదు. టీవీ ఆగిపోయింది. హారిక నా ఎదురుగా కూర్చుంది. నేను ముద్ద కలిపి గట్టు వైపు చెయ్యి చాచాను.

“ఎవరికి అమ్మమ్మా?” అంది. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు.

“ఆడ వారికి,” అన్నాను. “ఆడ వారికి ముందు ముద్ద.”

“ఆడవారికా? అయితే నాకే!” అని నా చెయ్యి పట్టుకుని ఆ ముద్ద తన నోట్లో పెట్టేసుకుంది. నములుతూ, “ఇది ఏ మతంలోది? చాలా బావుంది. నువ్వూ తిను మరి, నువ్వూ ఆడదానివే కదా,” అంది.

నేను దాన్ని దిద్దలేదు. ఇంకొక ముద్ద కలిపి తిన్నాను. అన్నం వేడిగా ఉంది. జమ్మలమడుగు ఇంట్లో నాగరత్నమ్మ గారు నాకు వడ్డించి, దస్తగిరమ్మ పిల్లలు వస్తే వాళ్లకు పెట్టి, గట్టు మీద ముద్ద పెట్టి, అందరి తర్వాత చల్లారినది తినేవారు. ఆ గ్రహంవాళ్లు ఏడ్చింది అలాంటి ఆడవాళ్ల కోసమే. ఆమెకు ఆ మాట ముందే సరిగ్గా వినబడి ఉంటే, కనీసం ఒక్కరోజైనా తన పళ్లెంలో మొదటి ముద్ద వేడిగా తిని ఉండేవారేమో. తెలియదు.

మూడో ముద్ద గట్టు మీద పెట్టాను. ఆమె ఆడ ఉన్నారని పెడుతున్నాను. ఈడ ఉన్నన్నాళ్లూ ఆమెకు ముందు పెట్టినవాళ్లు ఎవరూ లేరు.